ఒక్క కామా ఆలస్యం

మురహరి వేళ్లు కదలలేదు. రెప్పలు కదలలేదు. అయినా గదిలో మృదంగం మోగింది.

అద్దానికి అవతల కూర్చున్న పెద్దమనుషులు మాట్లాడుకోవడం మానేశారు. స్పీకర్లోంచి వస్తున్న ఆ నడక ఎక్కడా తొణకలేదు. ఒక ఆవర్తనం, తాళం ఒక చుట్టు, పూర్తయి మొదటి దెబ్బ మీద, అంటే సమం మీద, మృదంగం సరిగ్గా వచ్చి పడినప్పుడల్లా స్క్రీన్ మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగేవి: తప్పులు లేవు.

ఆ అక్షరాల వెనక ఉన్న ప్రోగ్రాం రాసింది సుభాషిణి. మంచం మీద ఉన్నది ఆమె భర్త.

"మూడేళ్ల క్రితం ఈయన మెదడు కాండంలో రక్తం గడ్డకట్టింది," డాక్టర్ కమలాకర్ అతిథులకు చెబుతున్నాడు. ఋషికొండ మీద సముద్రానికి ఎదురుగా కట్టిన ఈ ప్రయోగశాల ఆయన పదేళ్ల కష్టం. "కనుగుడ్డు కూడా తిప్పలేడు. కానీ మనసులో అన్నీ ఉన్నాయి. మాటల కోసం వెతికాం, దొరకలేదు. లయ దొరికింది. మెదడులో పెట్టిన తీగలు ఆయన ఊహించుకునే ప్రతి దెబ్బనూ పట్టి అక్షరాలుగా రాస్తాయి. త, ధి, తొం. దెబ్బ లేని చోట కామా. ఆ అక్షరాల ఫైలునే సుభాషిణి గారి ప్రోగ్రాం శబ్దంగా మారుస్తుంది."

"ఆయనకీ వినపడుతుందా?" ఎవరో అడిగారు.

"హెడ్‌ఫోన్లు ఉన్నాయి కదా. తను వాయించింది తనే వింటాడు. ఒక విడత అవగానే మిషన్ తాళం వేసి మళ్లీ మొదలుపెట్టమంటుంది. అలా వాయిస్తూ, వింటూ, మళ్లీ వాయిస్తూ ఉంటే మిషన్ నేర్చుకుంటుంది. దీన్ని మేం వలయం అంటాం."

అతిథులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య సుభాషిణి ఒక్కతే చూసింది, మురహరి దవడ బిగుసుకోవడం. మూడేళ్లుగా కదలని మనిషి మెడ విల్లులా వంగింది. మంచం ఊగింది.

నర్సు నూకరత్నం ఒక్క అంగలో వచ్చిపడింది. "మేడం, ఆ పక్క పట్టండి. తల తిప్పండి, తల. సార్, ముందా పాట ఆపండి."

ఆపాక కూడా ఫిట్స్ తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఈ నెలలో ఇది నాలుగోది.

తర్వాత కమలాకర్ ఆమెను తన గదికి పిలిచాడు. మనిషి నిజంగానే అలిసిపోయి ఉన్నాడు.

"దాచడానికేమీ లేదు సుభాషిణి గారూ. తీగల చుట్టూ మచ్చ కడుతోంది. ఇంకో నెల, మహా అయితే నెలన్నర. ఆ తర్వాత అవి మూగబోతాయి. రెండో ఆపరేషన్ చేసి కొత్త తీగలు ఇంకా లోతుగా పెడితే ఏళ్ల తరబడి పనిచేస్తాయి. రోజుకి రెండు గంటలు కాదు, పది గంటలు వినొచ్చు. మీ సంతకం శుక్రవారంలోపు కావాలి."

"ఫిట్స్?"

"మందులతో అదుపు చేస్తాం."

"ఆయన్ని అడిగారా?"

కమలాకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎన్నిసార్లు అడిగాం? అవును అయితే తకిట, కాదంటే తకధిమి వాయించమన్నాం. మీరూ ఉన్నారు కదా. ఏదడిగినా ఒకటే వాయిస్తాడు. అది జవాబు కాదండీ. అలవాటు."

*

ఇంట్లో పొయ్యి పక్కన ఫోన్లో మృదంగం మోగుతోంది. ప్రయోగశాలలో ఏ రోజు వాయించింది ఆ రోజు మురహరి తల్లి పైడమ్మ ఫోన్లోకి వస్తుంది. ఆమె దాన్ని పెట్టుకునే కూర తరుగుతుంది, దాన్ని పెట్టుకునే అన్నం వారుస్తుంది.

"ఇయాల బాగా వాయించినాడమ్మా," అంది పైడమ్మ. "ఆ నడుం కాడ ఇరుపు సూసినావా? ఆళ్ల నాన్నదే."

సుభాషిణి ఫిట్స్ సంగతి చెప్పింది. ఆపరేషన్ సంగతి చెప్పింది. సంతకం సంగతి చివర్లో చెప్పింది.

పైడమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. "మరేటి ఆలోసిస్తన్నావు?"

"నొప్పిగా ఉందేమో అత్తయ్యా. మనకు తెలియడం లేదు."

"నొప్పి లేని బతుకు ఎవులికుంది?" ఆమె గొంతు పెంచలేదు. "నా కొడుకు రోజుకి రెండు గంటలు బతుకుతున్నాడు. పది గంటలు బతుకుతాడంటే నువ్వు ఒద్దంటావేటి?"

సుభాషిణి లేచింది. ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. గోడ వారన మురహరి మృదంగం గుడ్డ సంచిలో ఉంది. దాని మీద దుమ్ము లేకుండా పైడమ్మ రోజూ తుడుస్తుంది.

అసలు ఆ ప్రోగ్రాం ప్రయోగశాల కోసం రాసింది కాదు. పెళ్లయిన కొత్తలో తన గురువుగారి కీర్తనలు అచ్చు వేయించాలని రాసుకుంది. స్వరాలను మామూలు అక్షరాల్లో టైపు చేస్తే చాలు, ప్రోగ్రాం తాళం సరిచూసి పుటలు కట్టేది, మోగించి వినిపించేది. తాళం తప్పితే మాత్రం ససేమిరా అని ఎర్ర అక్షరాలు కుమ్మరించేది.

మొదట దాని వాత పడింది మురహరే. రెండు వేళ్లతో టకటకా జతులు కొట్టేవాడు. స్క్రీన్ నిండా ఎరుపు.

"ఒక్క కామా మర్చిపోతే నలభై తప్పులేటి సుభా? మా గురువు కూడా ఇన్ని తిట్లు తిట్టలేదు."

"నలభై కాదు, ఒకటే. మొదటిది చదవండి. మిగతావన్నీ దాని పిల్లలు."

"తొమ్మిదో వరుస అంటంది. తొమ్మిదో వరుస శుభ్రంగా ఉంది కదా?"

"తొమ్మిదో వరుసలో తప్పుందని కాదు. అక్కడికొచ్చేసరికి దానికి తెలిసిందని. పైన చూడండి. తప్పెప్పుడూ పైనే ఉంటుంది."

అతను పైన చూశాడు. కామా దొరికింది. "అయితే ఇది అచ్చం నీలాగే," అన్నాడు. "నేను పొద్దున చేసిన తప్పుకి సాయంత్రం అలుగుతుంది."

కచేరీల్లో ఆమె పాడేది, అతను వాయించేవాడు. ఆమె గురువుగారి కీర్తన ఒకటుంది, ఆనందభైరవిలో. 'దరి చేరితిని, తలుపు తీయవే.' పుస్తకం ప్రకారం దాన్ని సమం తర్వాత అర అక్షరం, తాళంలో సగం దెబ్బంత కాలం, వదిలి ఎత్తుకోవాలి. మొదటి కచేరీలో సుభాషిణి పక్కనున్న మృదంగం వైపు చూస్తూ ఆ చోటు దాటించేసింది. ఒక్క మాత్ర ఆలస్యం. రాతలో చెప్పాలంటే ఒక్క కామా. ఆ తర్వాత ఎంత సాధన చేసినా ఆ పాటలో ఆ కామా పోలేదు. గురువుగారు తొడ మీద కొట్టి మరీ చెప్పారు. పోలేదు.

"పోనీలే," అనేవాడు మురహరి. "ఆ కామా నా జేబులో ఉంటాదిలే. నువ్వు పాడుకో."

అతను పడిపోయిన రోజు నుంచి సుభాషిణి పాడలేదు.

*

మర్నాడు పొద్దున్నే ఆమె ప్రయోగశాలకు వెళ్లింది. ఆపరేషన్ మాట తర్వాత, ముందు ఫిట్స్ ఎందుకొచ్చాయో తెలియాలి. తన ప్రోగ్రాం ఏమైనా చెవి పగిలే శబ్దం పంపిందేమోనని ఆమె భయం.

పంపలేదు. శబ్దం మామూలుగానే ఉంది. కిందకి జరుపుతూ పోతుంటే మూలన ఒక చిన్న లెక్క కనబడింది. దిద్దినవి: 61.

దిద్దుబాటు కూడా ఆమె రాసిందే. నిరుడు, ఇక్కడ వాయింపు మొదలైన వారంలోనే. తప్పున్న ఫైలును ప్రోగ్రాం మోగించదు. మురహరి ఫైళ్లన్నీ తప్పులే. మంచం దగ్గర వాళ్లంతా చెవులు రిక్కించి కూర్చుంటే ఎర్ర అక్షరాలు తప్ప ఏమీ వచ్చేవి కావు. కమలాకర్ బతిమాలాడు. "తీగల్లో చప్పుడు ఉంటుందండీ, అక్షరాలు అటూ ఇటూ పడతాయి. ఎక్కువైనవి కోసెయ్యండి, తక్కువైతే నింపండి. ముందు శబ్దం రానివ్వండి." ఆమె రాసింది. ఆ రోజే మొదటిసారి మృదంగం మోగింది. పైడమ్మ ఆ గది గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత ఎర్ర అక్షరాలు చూడాల్సిన పని ఎవరికీ పడలేదు.

తీగల చప్పుడైతే తప్పులు తలో చోటా ఉండాలి. సుభాషిణి నిన్నటి అరవై ఒక్క దిద్దుబాట్లూ తెరిచింది.

అరవై ఒకటీ ఒకటే. ఒకే చోట, అవే మూడు అక్షరాలు కోసేసి ఉన్నాయి.

గి ణ తొం.

 దిద్దుబాటును తీసి పక్కన పెట్టింది. మొట్టమొదటి రోజు ఫైలు వెతికి, ఎవరూ ముట్టుకోని ఆ పచ్చి ఫైలును ప్రోగ్రాంకి ఇచ్చింది. స్క్రీన్ మీద ఎరుపు జలపాతంలా దిగింది. రెండు వందల పైచిలుకు తప్పులు. ఆరోజు వీటిని చూసే కదా, తీగల చప్పుడు అంటే సరేనంది. ఒక్కటి కూడా చదవలేదు.

మొదటిది చదవండి. మిగతావన్నీ దాని పిల్లలు.

ఆమె పైకి జరిపింది.

వరుస 9: ఆవర్తనం నిండలేదు. కావలసినవి 32 మాత్రలు, ఉన్నవి 3.

తొమ్మిదో వరుసలో ఆ మూడు అక్షరాలే ఉన్నాయి. గి ణ తొం. దాని తర్వాత నిశ్శబ్దం. తప్పు అక్కడ తెలిసింది, అంతే. తప్పు పైన ఉంటుంది. ఎనిమిదో వరుస చూసింది.

త , ధి , త ధి గి ణ తొం. నాలుగు కామాలు. త , ధి , త ధి గి ణ తొం. నాలుగు కామాలు. త , ధి , త ధి

అక్కడ వరుస ముగిసింది. మిగిలిన 'గి ణ తొం' కింది వరుసలో పడింది.

ఇది చప్పుడు కాదు. ఇది ముక్తాయింపు. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం ముగిసేటప్పుడు, ఒకే జతిని మూడుసార్లు వాయించి, పాట ఎత్తుకునే చోట వదిలిపెడతారు. నా వంతు అయిపోయింది, ఇక పాట నీది అని పాడేవాళ్లకి అప్పజెప్పడం అది. చిన్నపిల్లప్పటి నుంచి వింటున్న విషయం. ఏడాదిగా రోజూ తన కళ్ల ముందే జరుగుతున్న విషయం.

పాట ఎక్కడ ఎత్తుకోవాలో ఫైలు మొదట్లో రాయడానికి ఒక వరుస ఉంటుంది. ఎవరూ రాయకపోతే ప్రోగ్రాం సమం అనుకుంటుంది. సుభాషిణి ఆ వరుసలో 'ఎత్తుగడ: 2' అని టైపు చేసింది. రెండు మాత్రలు, అంటే అర అక్షరం. పుస్తకంలో చాలా కీర్తనలకు ఉండే చోటు.

వరుస 9: ఒక మాత్ర ఎక్కువ.

ఆమె ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. ఒక మాత్ర. ఒక్క కామా.

రెండు చెరిపి మూడు కొట్టింది.

ఎరుపంతా ఒక్కసారిగా పోయింది. తప్పులు లేవు.

ఏ పుస్తకంలోనూ లేని చోటు అది. లోకంలో ఏ గాయకురాలూ పాట ఎత్తుకోని చోటు. ఆనందభైరవిలో ఒకే ఒక్క కీర్తనకి, ఒకే ఒక్క మనిషి, తప్పుగా ఎత్తుకునే చోటు. ఒకసారి మురహరి ఇదే ముక్తాయింపును ఇదే ప్రోగ్రాంలో టైపు చేసి, ఎర్ర అక్షరాలు రాగానే విరగబడి నవ్వాడు. "సూసినావా, నీ మిషన్ పట్టింది నా తప్పు కాదు, నీది. నీ ఎత్తుగడ కూడా అందులో ఒక రూలు పెట్టీ." "తప్పును తీసుకెళ్లి రూలుగా పెడతారా ఎవరైనా?" అని ఆమె కసిరింది.

అతనికి తెలుసు. మాటల్లేవు, చూపు లేదు. ఉన్నదల్లా ఆ ప్రోగ్రాం, దాన్ని రాసిన భార్య. ఇక్కడ దింపితే ప్రోగ్రాం ఊరుకోదని, ఎర్రర్ వస్తుందని, వస్తే సుభ చదవకుండా ఉండదని అతనికి తెలుసు. అందుకే మొదటి రోజు ఎనిమిదో వరుసకే పిలిచాడు. పిలిచి, ఆమె ఎత్తుకోవడానికి చోటు వదిలి ఆగాడు.

తనకు వచ్చిన ఆ పిలుపును ఆమె దిద్దుబాటుతో కోసేసింది. అతని చెవుల్లో తన ముక్తాయింపే మొండెంగా మోగింది, ఆ వెంటనే మిషన్ తాళం వేసి మళ్లీ మొదలుపెట్టు అంది. మళ్లీ వాయించాడు. మళ్లీ కోసింది. నిన్న ఒక్కరోజే అరవై ఒక్కసార్లు.

నూకరత్నం టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఏమైంది మేడం? మొహం అలా అయిపోయిందేటి?"

"డాక్టర్ గారు ఎక్కడున్నారు?" అంటూ సుభాషిణి లేచింది.

*

"మీరు ఆయన భార్య," అన్నాడు కమలాకర్ అంతా విని. మెత్తగానే అన్నాడు. "మీకు అలా వినపడడం సహజం."

"నాకు వినపడలేదు డాక్టర్ గారూ. చదివాను."

ఆయన కీబోర్డు తన ముందుకి లాక్కున్నాడు. ఎత్తుగడ రెండు, మూడు, ఒకటి, సున్నా. తనే మార్చి మార్చి చూశాడు. మూడు దగ్గర మాత్రమే ఎరుపు పోతోంది. మొదటి రోజు ఫైలులో, ఆరో నెల ఫైలులో, నిన్నటి ఫైలులో.

"మచ్చ కట్టిన తీగలు ఏడాది పాటు ఒకే తప్పు చేయవు," అన్నాడు చివరికి, తనలో తాను. తర్వాత, "కానీ ఒక జతి ఆధారంగా పదేళ్ల పని ఆపలేను. నిన్న అద్దం ముందు కూర్చున్న బోర్డువాళ్లు నన్ను సాక్ష్యం అడుగుతారు."

"రేపు ఒక గంట ఇవ్వండి. వలయం వద్దు. హెడ్‌ఫోన్లు వద్దు. దిద్దుబాటు వద్దు."

"ఏం అడుగుతారు?"

"అడగను. పాడతాను."

*

పైడమ్మను రమ్మని సుభాషిణే అడిగింది.  గదిలోకి రాగానే పైడమ్మ కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, కొడుకు పాదం మీద చెయ్యేసి కూర్చుంది.

నూకరత్నం హెడ్‌ఫోన్లు తీసి, అవి నొక్కుకుపోయిన చోట చెవులు మెల్లగా రుద్దింది. "మేడం పాడతారేటి? ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పలేదు."

"మర్చిపోయి ఉంటాను రత్నం. చూద్దాం."

సుభాషిణి ఫోన్లో శ్రుతి పెట్టింది.  మంచం అంచు మీద చేత్తో తాళం వేస్తూ అతని చెవి దగ్గరికి వంగి మొదలుపెట్టింది. 'దరి చేరితిని...'

గొంతు తుప్పు పట్టి ఉంది. ఆనందభైరవి మాత్రం అక్కడే ఉంది. ఎత్తుకున్న చోటు ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకుండానే ఒక్క కామా ఆలస్యమైంది.

స్క్రీన్ చాలాసేపు ఖాళీగా ఉంది. తర్వాత ఒక్క అక్షరం పడింది. తొం. కాస్త ఆగి ఇంకొకటి. ఆ తర్వాత వరుసగా, మెత్తగా, పాట వెనక నడిచే మృదంగం.

అద్దం వెనక కమలాకర్ లేచి నిలబడ్డాడు. ఏడాదిగా తనివితీరా వాయిస్తున్నాడని వాళ్లంతా అనుకున్న మనిషి, ఏనాడూ ఇలా వాయించలేదు. ఒకరి పాటను మోస్తూ.

పల్లవి చివర సుభాషిణి ఆగింది. తాళం మాత్రం వేస్తూ ఉంది. కచేరీలో పాడేవాళ్లు అలా ఆగితే తని వదిలారని అర్థం. ఇక ఎంతసేపైనా వాయించుకో, చోటు నీదే అని.

అతను తీసుకోలేదు. ఒక్క ఆవర్తనం కూడా తీసుకోలేదు. సమం రాగానే స్క్రీన్ మీద అక్షరాలు పడ్డాయి. త , ధి , త ధి గి ణ తొం. మూడుసార్లు. చివరి మూడు అక్షరాలూ కింది వరుసలోకి దిగాయి, ఎవరూ కోయలేదు. ఎర్రర్ వెలిగింది. నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోకి ఆమె 'దరి' అని ఎత్తుకుంది. మృదంగం ఆ 'ద' మీదే వచ్చి చేరింది.

"ఇంకోసారి," అన్నాడు కమలాకర్ మైకులో.  "ఈసారి ఎక్కువసేపు చోటివ్వండి."

ఇచ్చింది. అదే ముక్తాయింపు. మూడోసారి అనుపల్లవి పాడి, ఎన్నో ఆవర్తనాలు ఉట్టి తాళం వేస్తూ ఎదురుచూసింది. వాయించు, ఇంకా ఉంటే వాయించు, నేను ఇక్కడే ఉన్నాను అని మనసులో అనుకుంటూనే ఉంది. అతను ముక్తాయింపు ఇచ్చి ఊరుకున్నాడు. ఆమె ఎత్తుకుని పాట ముగించింది. చివరి మాట మీద ఒక్క తొం పడింది. తర్వాత స్క్రీన్ మీద ఏమీ లేదు. మిషన్ గీతలు చూస్తున్న నూకరత్నం, "నిద్రపోయారు మేడం," అంది చిన్నగా. "ఇంత నెమ్మదిగా ఎప్పుడూ నిద్రపోలేదు."

పైడమ్మ కొడుకు పాదం వదల్లేదు. "ఏటంటన్నాడమ్మా?"

 "వాయించింది చాలంటున్నారు అత్తయ్యా. పాట నన్ను తీసుకోమంటున్నారు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

పైడమ్మ కొడుకు పాదం నిమిరింది. "నా కొడుకు అలిసిపోనాడేటి? నాను రోజూ ఇంటన్నాను గదా. నాకు తెలీలేదేటి?" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు. కాసేపటికి చీరకొంగులోంచి ఫోను తీసింది. "మరి ఇందులో ఉన్నయ్యన్నీ?"

"అన్నింట్లో చివర కోసేసి ఉంది."

"అయ్యన్నీ మళ్లీ అతికించీ. నాకు సగం సగం ఒద్దు."

శుక్రవారం సంతకం కోసం కాగితం తెచ్చిన కమలాకర్ దాన్ని బల్ల మీద పెట్టలేదు. చేతిలోనే మడిచాడు. "బోర్డుకి నేను చెప్పుకుంటాను," అన్నాడు. "ఒక్క సంగతి ఆలోచించారా? ఆ తీగలు మూగబోయాక ఆయన మనసు మారినా మనకు తెలియదు. మళ్లీ తెరవలేని తలుపు ఇది."

"ఆలోచించాను," అంది సుభాషిణి. ఆ రెండు రాత్రులూ ఆమె ఆలోచించింది అదొక్కటే. "రోజూ అడుగుతాను. తీగలున్నన్ని రోజులూ చోటిస్తాను. తీసుకుంటే మీ దగ్గరికి నేనే వస్తాను."

*

అతను తీసుకోలేదు.

రోజూ సాయంత్రం ఎండ సముద్రం మీద నుంచి తప్పుకునే వేళకి ఆమె మంచం పక్కన కూర్చుని పాడేది. మధ్యలో ఆగి చోటు ఇచ్చేది. ముక్తాయింపు వచ్చేది, ఆమె ఎత్తుకునేది. ఫిట్స్ మళ్లీ రాలేదు. పైడమ్మ పక్కనే కూర్చుని, ఎప్పుడైనా మెచ్చుకోలుగా తల ఊపేది. ఒకరోజు మాత్రం, "నీ పెళ్లాం పాట బాగుంది గానీ తాళం కాడ తొందర లేదురా," అని కొడుకుతో చాడీ చెప్పింది. ఆ పూట స్క్రీన్ మీద పడిన దెబ్బలు ఒక్క క్షణం చిందరవందర అయ్యాయి. నవ్వేమో. ప్రోగ్రాం దాన్ని తప్పు అంది.

పగలు ఆమె ప్రోగ్రాం ముందు కూర్చుంది. దిద్దుబాటును మొత్తం తీసేసింది. ఏడాది ఫైళ్లన్నింటికీ 'గి ణ తొం' అతికించి పైడమ్మ ఫోన్లోకి ఎక్కించింది. చివరగా ఎత్తుగడల నియమాల్లో ఒక కొత్త వరుస చేర్చింది. సమం, అర అక్షరం, ఒకటిన్నర అక్షరం అని ఉన్న వాటి కింద, తన పేరు.

అక్షరాలు రోజురోజుకీ పలచబడ్డాయి. ముందు చిన్న దెబ్బలు పోయాయి. తర్వాత ముక్తాయింపులో మధ్య ముక్క పోయింది. వాన మొదలైన వారంలో ఒక సాయంత్రం, ఆమె పాట మధ్యలో ఆగి చాలాసేపు తాళం వేసింది. స్క్రీన్ మీద చివరికి మూడు అక్షరాలు పడ్డాయి.

గి ణ తొం

ఆమె ఎత్తుకుంది. పాటంతా ఒక్కతే పాడింది. వెనక ఏమీ రాలేదు. నూకరత్నం ఫైలు మూయబోతుంటే సుభాషిణి ఆపింది. కింద రెండు ఎర్ర వరుసలు వెలుగుతున్నాయి.

వరుస 1: ఆవర్తనం నిండలేదు.

వరుస 1: ముగింపు గుర్తు లేదు.

రెండోది, వలయం తీసేసినప్పటి నుంచి అతని ఫైళ్లలో ఉండే తప్పే. తీగలు దెబ్బలు రాయగలవు గానీ, పాట అయిపోయిందని రెండు నిలువుగీతలు గీయడం వాటికి రాదు. వలయం ఉన్నన్నాళ్లూ ప్రతి విడత చివరా మిషనే ఆ గీతలను ఎన్నో వేలసార్లు ఆమె ప్రమేయం లేకుండానే గీసింది.

సుభాషిణి పైన ఒక వరుస టైపు చేసింది. ఎత్తుగడ: సుభ. తర్వాత తొం పక్కకి వచ్చి ఆగింది. వేలు మీట మీద పెట్టి, మురహరి ముఖం వైపు చూసింది. ఊపిరి సమంగా వస్తోంది.

గి ణ తొం ॥

తప్పులు లేవు.

మర్నాడు స్క్రీన్ పెట్టలేదు. నూకరత్నం కిటికీ తెరిచింది. సుభాషిణి మంచం అంచు మీద తాళం వేసి, సమం దాటాక, ఒక్క కామా ఆగి ఎత్తుకుంది.